చేతుల్లేని టాప్ వెనక ఎన్ని చేతులు?

ఇవాళ్టి టాపిక్ వినగానే కొంతమంది నవ్వుకుంటారేమో. ఎండాకాలంలో వేసుకునే ట్యాంక్ టాప్‌ని చేత్తో అల్లుకోవడం గురించి మాట్లాడుకుందాం. అదీ ఒక్కళ్ళే కూర్చుని కాదు. ఆన్‌లైన్‌లో ఒక గ్రూపు చేరి, అందరూ ఒకే డిజైన్ పట్టుకుని, ఒకే రోజు మొదలుపెట్టి, వారానికి కొంత చొప్పున అల్లుతూ, ఫొటోలు పెట్టుకుంటూ పూర్తి చేస్తారు. దీన్ని నిట్-అలాంగ్ అంటారు. అంటే కలిసి అల్లడం.

ఇది ఇన్‌స్టాగ్రామ్ కాలంలో పుట్టిన సరదా అనుకుంటాం. కానీ జనం గుంపుగా కూర్చుని అల్లడానికి కొన్ని వందల ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్ర మొత్తంలో మూడు ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఎవరు అల్లారు? ఎవరి కోసం అల్లారు? వాళ్ళు పెట్టిన టైముకి ఖరీదు ఎవరు కట్టారు? ఈ మూడూ గుర్తుపెట్టుకుని నాతో రండి.

ఎండాకాలానికీ అల్లికకీ ఏంటి సంబంధం?

మనకి అల్లిక అంటే ఊలు, ఊలంటే స్వెట్టర్, స్వెట్టరంటే చలి. మే నెలలో విజయవాడలో కూర్చుని అల్లిక గురించి వినాలా అనిపిస్తుంది. ఒక చిన్న పని చేయండి. మీరు వేసుకున్న టీ-షర్ట్‌ని ఫోన్ కెమెరాలో బాగా జూమ్ చేసి చూడండి. సన్నటి జడపాయల్లాగా నిలువు వరసలు కనిపిస్తాయి. అదే నిట్టింగ్. చొక్కా గుడ్డలో పడుగు, పేక ఉంటాయి, అది నేత. టీ-షర్ట్‌లో ఒక లూపులోంచి ఇంకో లూపు లాగుతూ పోతారు, అది అల్లిక. అందుకే లాగితే సాగుతుంది, వదిలితే దగ్గరకొస్తుంది. మన నాన్నలు, తాతలు ఎండాకాలమంతా వేసుకు తిరిగే బనియన్ కూడా ఇదే. తమిళనాడులో తిరుప్పూర్ అనే ఊరు ఇలాంటి మెషీన్ అల్లిక బట్టలకే పేరు పడింది. అంటే చేతుల్లేని కాటన్ అల్లిక టాప్ మనకి కొత్తేమీ కాదు. చేత్తో అల్లడమే కొత్త.

ఇంకో విషయం. చరిత్రకారులు నిట్టింగ్ అని ఖాయంగా చెప్పగలిగిన పాత ముక్కల్లో ముఖ్యమైనవి చలి దేశాల్లో దొరకలేదు. ఈజిప్టులో దొరికాయి. సుమారు 11 నుంచి 14వ శతాబ్దం మధ్య కాలానివి. అవి ఊలువి కూడా కాదు, కాటన్‌వి. తెలుపు, నీలిమందు నీలం రంగుల్లో డిజైన్లు వేసిన మేజోళ్ళు, వాటి ముక్కలు. అంతకంటే ముందు కాలం సాక్సులు కూడా ఈజిప్టులో దొరికాయి గానీ, అవి ఒకే సూదితో చేసే వేరే పద్ధతి, చూడ్డానికి మాత్రం ఇలాగే ఉంటాయి. కాబట్టి కాటన్‌తో అల్లడం ఏదో ఈమధ్య వచ్చిన ఫ్యాషన్ అని ఎవరైనా అంటే నమ్మకండి.

అక్కణ్ణుంచి యూరప్ వెళ్దాం. జర్మనీలో బుక్స్‌టెహూడె అనే ఊరి చర్చి కోసం 1400 ప్రాంతంలో గీసిన ఒక చిత్రం ఉంది. ఇప్పుడది హాంబర్గ్ మ్యూజియంలో ఉంది. అందులో మేరీమాత కూర్చుని బాల యేసుకి ఒక చిన్న చొక్కా అల్లుతూ ఉంటుంది. చొక్కా దాదాపు అయిపోయింది. సూదుల్ని గుండ్రంగా పెట్టి, మెడ దగ్గర పని చేస్తోంది. ఎక్కడా అతుకు లేదు. ఇవాళ ట్యాంక్ టాప్ అల్లే అమ్మాయి కూడా చివర్లో మెడ చుట్టూ లూపులు ఎక్కించుకుని సరిగ్గా ఇలాగే అంచు కట్టుకుంటుంది. ఆరువందల ఏళ్ళలో ఈ పని పెద్దగా మారలేదు.

చలిమంట చుట్టూ, దీపం చుట్టూ

ఇప్పుడు గుంపుల దగ్గరికి వద్దాం. ఇంగ్లండ్ ఉత్తరాన యార్క్‌షైర్ డేల్స్‌లో డెంట్ అనే చిన్న ఊరు. 18వ శతాబ్దంలో అక్కడ ఆడా మగా పిల్లా అందరూ మేజోళ్ళు, టోపీలు అల్లి అమ్ముకునేవాళ్ళు. నడుస్తూ అల్లేవాళ్ళు, పశువుల్ని తోలుకుపోతూ అల్లేవాళ్ళు. చీకటి పడ్డాక ఇరుగుపొరుగు అందరూ ఒక ఇంట్లో చేరేవాళ్ళు. ఎందుకో తెలుసా? కబుర్ల కోసమే కాదు. పది ఇళ్ళలో పది మంటలు, పది దీపాలు ఎందుకు? ఒక ఇంట్లో చేరితే ఒక్కటి చాలు. పాటలు పాడుకుంటూ, కథలు చెప్పుకుంటూ అల్లేవాళ్ళు. మన ఊళ్ళల్లో వరినాట్లప్పుడు పాట పాడుకుంటూ చేతులు కదిపినట్టే. పాట సరదాకీ ఉంటుంది, చెయ్యి ఆగకుండానూ ఉంటుంది.

ఇంకా ఉత్తరానికి వెళ్తే స్కాట్లాండ్‌కి చెందిన షెట్లాండ్ దీవులు. అక్కడి ఆడవాళ్ళు అల్లిన లేసు శాలువాలు గొప్పగొప్ప ఇళ్ళకి వెళ్ళేవి. కానీ వాళ్ళకి డబ్బు చేతికి వచ్చేది కాదు. శాలువా తీసుకున్న వ్యాపారి దానికి బదులు తన కొట్లోంచే టీ, బట్టలు లాంటివి ఇచ్చేవాడు. వాటి ధర కూడా అతనే కట్టేవాడు. ఇంట్లో పిండి లేకపోయినా సరే, కొట్లో ఏముంటే అదే పుచ్చుకోవాలి. దీన్ని ట్రక్ పద్ధతి అనేవారు. బ్రిటిష్ ప్రభుత్వం దీనిమీద విచారణ వేసింది. 1872లో వచ్చిన ఆ రిపోర్టులో ఈ ఆడవాళ్ళ వాంగ్మూలాలు ఉన్నాయి. అల్లేది వాళ్ళు, ధర చెప్పేది వేరేవాళ్ళు. ఈ మాట పక్కన పెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

ఈలోపు మెషీన్ కూడా వచ్చేసింది. 1589లో ఇంగ్లండ్‌లో విలియం లీ అనే ఆయన మేజోళ్ళు అల్లే మగ్గం లాంటి యంత్రం కనిపెట్టాడు. చేత్తో అల్లి బతికే పేదల పొట్ట కొడుతుందని మొదటి ఎలిజబెత్ రాణి దానికి పేటెంట్ ఇవ్వలేదని ఒక కథ చెబుతారు. కథ ఎలా ఉన్నా, యంత్రం మాత్రం ఆగలేదు. 1811లో నాటింగ్‌హామ్ దగ్గర పనివాళ్ళు రాత్రిళ్ళు వెళ్ళి పగలగొట్టింది ఈ అల్లిక యంత్రాల్నే. లుడ్డైట్లు అనే పేరు విన్నారా? ఇప్పుడు ఏఐ గురించి గొడవ వచ్చినప్పుడల్లా ఆ పేరు తీస్తుంటారు. అది మొదలైంది మేజోళ్ళ దగ్గరే.

యుద్ధం, ఒక చేతుల్లేని స్వెట్టర్

మెషీన్ వచ్చాక చేతి అల్లిక పోవాలి కదా? పోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో, 1917లో యుద్ధంలోకి దిగాక అమెరికాలో కూడా, ఇళ్ళలో ఉన్నవాళ్ళందర్నీ సైనికుల కోసం అల్లమన్నారు. రెడ్‌క్రాస్ అచ్చేసిన సూచనలు పంచింది. లక్షలమంది ఒకే కాగితం చూసి ఒకే బట్ట అల్లారు. ఆ లిస్టులో ఏమున్నాయంటే సాక్సులు, మఫ్లర్లు, మణికట్టుకి తొడుక్కునేవి, ఇంకా చేతుల్లేని స్వెట్టర్.

చేతుల్లేనిదే ఎందుకు? లెక్క సింపుల్. స్వెట్టర్‌లో చేతులు అల్లడానికే బోలెడు దారం, బోలెడు టైం పోతాయి. రెండు చేతులూ ఒకే పొడవు రావాలి, భుజం దగ్గర సరిగ్గా కూర్చోవాలి. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు అక్కడే విసిగిపోతారు. చేతులు తీసేస్తే పని త్వరగా తెముల్తుంది, చాలా సైజులకి సర్దుకుంటుంది, లోపల వేసుకోవచ్చు. గుంపుగా చేయించడానికి సరైన బట్ట అది.

1918 వేసవిలో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో మూడు రోజులు అల్లిక పోటీలు పెట్టారు. ఎండాకాలం, పార్కు, చుట్టూ జనం, ఊలు స్వెట్టర్లు! రెండో ప్రపంచ యుద్ధం నాటికీ ఇదే కథ. 1941 నవంబర్ 24 నాటి లైఫ్ మ్యాగజైన్ కవర్ స్టోరీ ఎలా అల్లాలి అన్నదే. అందులో కొత్తవాళ్ళ కోసం ఇచ్చిన డిజైన్ ఏంటో ఊహించండి. ఒక మామూలు చేతుల్లేని వెస్ట్. అది వచ్చిన పదమూడు రోజులకి పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది.

ఇక్కడ మన మూడు ప్రశ్నలు వేసుకుందాం. అల్లింది ఎక్కువగా ఆడవాళ్ళు. ఎవరి కోసం? ముక్కూమొహం తెలియని సైనికుడి కోసం. టైముకి ఖరీదు? లేదు, అది దేశభక్తి. షెట్లాండ్‌లో తక్కువ కట్టారు, ఇక్కడ అసలు కట్టలేదు. కానీ ఇష్టంగా ఇచ్చారు, అది ఒప్పుకోవాలి.

ట్యాంక్ అంటే నీళ్ళ ట్యాంకే

ఈ పేరు గురించి ఒక్క నిమిషం. ట్యాంక్ టాప్‌కీ యుద్ధంలో ఫిరంగి ట్యాంకుకీ సంబంధం లేదు. హైదరాబాద్ ట్యాంక్ బండ్ తెలిసినవాళ్ళకి సులువుగా అర్థమవుతుంది, ఇది నీళ్ళ ట్యాంకే. 1920ల్లో ఈతకొలనుని ఇంగ్లీషులో ట్యాంక్ అని కూడా అనేవారు. అందులో వేసుకునే ఈత దుస్తులు ట్యాంక్ సూట్. భుజాల మీద పట్టీలు, చేతుల్లేవు. దాని పైభాగం లాంటి టాప్ కాబట్టి ట్యాంక్ టాప్. ఆ కాలం ఈత దుస్తులు చాలావరకు ఊలుతో అల్లినవే. అమెరికాలో జాంట్జెన్ అనే పేరుమోసిన ఈత దుస్తుల కంపెనీ మొదట పోర్ట్‌లాండ్ నిట్టింగ్ కంపెనీగా మొదలైంది. తడిస్తే ఊలు ఎంత బరువెక్కుతుందో మీరే ఊహించుకోండి.

అంటే ఈ టాప్ పుట్టుకే అల్లికలో ఉంది.

ఎలిజబెత్ జిమ్మర్‌మన్ నుంచి మన ఫోన్ దాకా

యుద్ధాలయ్యాక చేతి అల్లిక డిజైన్లు చాలావరకు ఊలు కంపెనీలు అమ్మే పుస్తకాల్లో వచ్చేవి. ముందు భాగం, వెనక భాగం విడివిడిగా అల్లి కుట్టుకోవాలి. చెప్పింది చెప్పినట్టు చేయాలి. దీన్ని మార్చినవాళ్ళలో ఎలిజబెత్ జిమ్మర్‌మన్ ఒకరు. ఇంగ్లండ్‌లో పుట్టి అమెరికాలో విస్కాన్సిన్‌లో స్థిరపడ్డారు. 1958 నుంచి తనే సొంతంగా న్యూస్‌లెటర్ వేసి పోస్టులో పంపడం మొదలుపెట్టారు. టీవీలో నేర్పారు. 1971లో 'నిట్టింగ్ వితౌట్ టియర్స్' పుస్తకం రాశారు. ఆవిడ చెప్పింది ఒక్కటే. మీ ఒంటి కొలత తీసుకోండి, ఒక అంగుళానికి ఎన్ని లూపులు వస్తున్నాయో లెక్కపెట్టుకోండి, మిగతాది గుణకారం. ఇంకెవరినీ అడగక్కర్లేదు. మరుసటి ఏడాది, 1972లో, బార్బరా వాకర్ పై నుంచి కిందికి, అతుకు లేకుండా అల్లే పద్ధతిమీద పుస్తకం తెచ్చారు. మధ్యలో ఆపి ఒంటిమీద వేసి చూసుకోవచ్చు. పొడుగు చాలకపోతే ఇంకాస్త అల్లుకోవచ్చు. ఇవాళ ఆన్‌లైన్‌లో తిరిగే ట్యాంక్ టాప్ డిజైన్లలో చాలావాటికి పునాది ఈ ఇద్దరు వేసిందే.

2006లో టూరిన్ వింటర్ ఒలింపిక్స్ జరుగుతున్నప్పుడు కెనడా రచయిత్రి స్టెఫనీ పెర్ల్-మెక్‌ఫీ ఒక ఐడియా ఇచ్చారు. ప్రారంభ వేడుక అప్పుడు సూది పట్టండి, జ్యోతి ఆరేలోపు ఒక బట్ట పూర్తి చేయండి అని. వేలమంది చేరారు. 2007లో అమెరికాలో ఒక జంట రావెల్రీ అనే వెబ్‌సైట్ పెట్టారు. డిజైన్లు, దారాలు, ఎవరు ఏం అల్లారు అన్నీ ఒకేచోట. కొన్నేళ్ళలో సభ్యులు లక్షలు దాటారు. వాళ్ళు ఒలింపిక్స్ పోటీలకి సరదాగా తమ సైట్ పేరు కలిపి ఒక పేరు పెట్టుకున్నారు. 2012 లండన్ ఒలింపిక్స్ ముందు అమెరికా ఒలింపిక్ కమిటీ నుంచి లీగల్ నోటీసు వచ్చింది. ఇలా అల్లికకి ఆ పేరు వాడితే క్రీడాకారుల్ని చిన్నబుచ్చినట్టే అన్నట్టు అందులో రాశారు. అంతే, అల్లేవాళ్ళంతా ఆన్‌లైన్‌లో విరుచుకుపడ్డారు. కమిటీ క్షమాపణ చెప్పింది. వీళ్ళూ పేరు మార్చుకున్నారు. తర్వాత 2021లో టోక్యోలో ఏం జరిగింది? బ్రిటన్ డైవర్ టామ్ డేలీ గోల్డ్ కొట్టి, స్టాండ్స్‌లో కూర్చుని అల్లుకుంటూ కెమెరాకి దొరికాడు. మెడల్ పెట్టుకోవడానికి సంచీ కూడా తనే అల్లుకున్నాడు. చిన్నబుచ్చడం ఎక్కడుంది చెప్పండి?

ఒక టాప్, పాతికవేల లూపులు

సరే, ఒక ట్యాంక్ టాప్ నిట్-అలాంగ్‌లో అసలు ఏం జరుగుతుంది? మొదటి వారం టాప్ మొదలుపెట్టరు. అరచేతి సైజు నమూనా ముక్క అల్లి, ఉతికి, ఆరేసి, కొలుస్తారు. చాలామందికి బోర్ కొట్టేది ఇక్కడే. కానీ లెక్క చూడండి. ఛాతీ కొలత 90 సెంటీమీటర్లు. పది సెంటీమీటర్లకి 22 లూపులు రావాలని డిజైన్ చెప్పింది. అంటే చుట్టూ 198 లూపులు. మీ చెయ్యి కాస్త వదులు, 20 మాత్రమే వస్తున్నాయి అనుకోండి. అదే 198 లూపులతో మీ టాప్ 99 సెంటీమీటర్లు అవుతుంది. తొమ్మిది సెంటీమీటర్లు తేడా. పట్టీలున్న టాప్‌లో అంత తేడా వస్తే భుజం మీద నిలవదు.

కాటన్‌తో ఇంకో చిక్కు. ఊలు సాగి మళ్ళీ దగ్గరకొస్తుంది, కాటన్‌కి ఆ గుణం తక్కువ. బరువు ఎక్కువ కాబట్టి కిందికి జారుతుంది. అందుకే గ్రూపులో అనుభవం ఉన్నవాళ్ళు నమూనా ముక్కని క్లిప్పు పెట్టి వేలాడదీయమంటారు. రెండో వారం భుజం పట్టీలు, మెడ. మూడో వారం చంకల దగ్గర ముందూ వెనకా కలపడం. సందేహాలన్నీ ఇక్కడే వస్తాయి, రాత్రి పన్నెండింటికి కూడా ఎవరో ఒకరు ఫొటో పెట్టి అడుగుతుంటారు. ఇంకో దేశంలో అప్పుడే తెల్లారిన ఒకామె జవాబు ఇస్తుంది. డెంట్‌లో ఒకే దీపం పంచుకున్నట్టు ఇక్కడ ఒకే డౌట్ పంచుకుంటారు. ఆ తర్వాత కింది దాకా గుండ్రంగా అల్లుకుంటూ పోవడమే.

ఇప్పుడు మొత్తం లెక్కేద్దాం. చంక నుంచి కింది అంచు దాకా 35 సెంటీమీటర్లు, పదికి 28 వరసలు అనుకుంటే 98 వరసలు. 198 ఇంటూ 98, సుమారు 19,400 లూపులు. పైభాగం, అంచులు కలిపితే పాతికవేలకి దగ్గరలో ఉంటుంది. నిమిషానికి 25 లూపులు అల్లే చెయ్యి అయితే వెయ్యి నిమిషాలు. దాదాపు పదిహేడు గంటలు, అదీ తప్పు పోకుండా, విప్పకుండా అల్లితే!

ఇంతమంది కలిసి అల్లడంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఇదే. బట్ట ఎంత టైం తింటుందో చేతికి తెలుస్తుంది. ఇక్కడ దారం నీదే, టైం నీదే, టాప్ నీదే. డిజైన్ చేసినావిడకి ఆ ఫైలు కొన్న డబ్బు వెళ్తుంది. షెట్లాండ్ ఆడవాళ్ళకి దక్కనిది ఇదే.

నరసాపురం అరుగు మీద

ఇక మన ఇంటికి వద్దాం. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం లేసు అల్లికలు వినే ఉంటారు. ఇది రెండు సూదుల నిట్టింగ్ కాదు, ఒకే కొక్కెం సూదితో చేసే క్రోషే. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పారు. తర్వాత అది విదేశాలకి ఎగుమతయ్యే పెద్ద వ్యాపారమైంది. 2024లో నరసాపురం క్రోషే లేసుకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది.

జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడికొచ్చి పరిశోధన చేసి, 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్' అనే పుస్తకం తెచ్చారు. ఆవిడ చూసింది ఏంటి? ఆడవాళ్ళు ఇంటి పనంతా చేసుకుంటూ, అరుగుల మీద కలిసి కూర్చుని గంటల తరబడి అల్లుతున్నారు. దారం ఏజెంటు తెచ్చిస్తాడు, అల్లింది ఏజెంటు పట్టుకెళ్తాడు. ఒకరు పూలు అల్లితే ఇంకొకరు వాటిని అతుకుతారు. చేతికొచ్చేది వ్యవసాయ కూలీ కంటే చాలా తక్కువ. ఎందుకంత తక్కువ అంటే, వీళ్ళు కార్మికులు కారట! ఇంట్లో ఖాళీగా ఉన్న గృహిణులు, తీరిక వేళ ఏదో అల్లుకుంటున్నారట. ఆ ఒక్క 'తీరిక' అనే మాటతో కూలీ అంతా తగ్గిపోయింది.

అదే గుంపు, అవే కబుర్లు, అదే దారం. ఆన్‌లైన్ గ్రూపులో అమ్మాయికి అది నిజంగానే తీరిక. నరసాపురం ఆవిడకి అది పని. బయటి నుంచి చూసేవాళ్ళకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అసలు మోసం జరిగేది అక్కడే.

చివరగా మీ ఫోన్‌లో పనికొచ్చే ఒక విషయం. నిట్టింగ్‌కి నాలుగువందల ఏళ్ళ కిందటే మెషీన్ వచ్చింది. అసలైన క్రోషేని ఫ్యాక్టరీల్లో తయారుచేసే మెషీన్ మాత్రం ఇప్పటికీ వాడుకలో లేదు. మెషీన్లు క్రోషేలా కనిపించే బట్ట చేస్తాయి అంతే. అంటే ఎండాకాలం సేల్‌లో మీరు చూసే క్రోషే టాప్ నిజంగా క్రోషే అయితే, దాన్ని ఎవరో ఒకరు చేత్తో అల్లారు. ఈసారి అలాంటిది కార్ట్‌లో వేసేముందు ధరలోంచి దారం, షాపు, డెలివరీ, డిస్కౌంటు అన్నీ తీసేసి, మిగిలిందాన్ని పదిహేడు గంటలతో భాగించి చూడండి. క్రోషేకి గంటలు కాస్త అటూ ఇటూ కావచ్చు, వచ్చే అంకె మాత్రం చాలా విషయాలు చెబుతుంది.

అల్లడం నేర్చుకోవాలనిపిస్తే ఒక జత సూదులు, ఒక కాటన్ దారం ఉండ చాలు. నమూనా ముక్కతో మొదలుపెట్టండి. మీ ఇంట్లో అమ్మమ్మకో పెద్దమ్మకో లేసు పని వచ్చేమో కూడా అడగండి. వస్తే, అప్పట్లో పీసుకి ఎంత ఇచ్చేవాళ్ళో అడిగి కామెంట్‌లో రాయండి. చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.